రెడాక్సైడ్ పూసిన విమానం

నేను ఒక విమానాన్ని కూల్చేశానని మా చుట్టాల్లో ఒక ప్రచారం ఉంది. అది అబద్ధం. కూల్చి ఉంటే బాగుండేది. కూలిన విమానాన్ని చెత్తబండిలో వేసేవాళ్లం, రెండు రోజులు నేను తిట్లు తినేవాణ్ని, మూడోరోజు మామూలుగా అన్నం తినేవాణ్ని. నేను చేసింది అంతకన్నా ఘోరం. ఆ విమానం ఏం జరిగినా విరగకుండా చేశాను. అందువల్ల ఏమేం జరిగాయో చెబుతాను. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. మా ఇంట్లో వాళ్లు కొన్నేళ్లుగా నవ్వుతూనే ఉన్నారు.

ముందు నా జబ్బు సంగతి చెప్పాలి. నేను నాచారం పారిశ్రామికవాడలో ఒక చిన్న షెడ్డులో సూపర్‌వైజర్ని. గోదాములకు ఇనుప ర్యాకులు, మెట్లు, ట్రాలీలు తయారుచేస్తాం. మా షెడ్డులో ఏ సరుకు బయటికి పోవాలన్నా రెండు పరీక్షలు. ఒకటి, పట్టుకుని ఊపితే ఊగకూడదు. రెండు, ఎక్కి నిలబడితే వంగకూడదు. పదిహేనేళ్లు ఇదే పనిచేస్తే మనిషికి ప్రపంచమంతా ర్యాకులాగే కనిపిస్తుంది. ఫంక్షన్ హాల్లో కుర్చీని నాలుగువైపులా ఊపి చూడందే కూర్చోను. ఒకసారి చుట్టాలింట్లో బారసాలకు వెళ్లి, ఉయ్యాల పట్టుకుని, "ఇది బాగ ఊగుతుంది, ఎవరు జేసిన్రు?" అని అడిగాను. పిల్ల తల్లి నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

ఇక మా యాదగిరి బావ. మా సరోజక్క భర్త. సిటీ బస్సుల డిపోలో మెకానిక్. పీర్జాదిగూడలో ఉంటారు. బావకు పేకాట లేదు, సిగరెట్టు లేదు, ఎవరి మీదా కోపం లేదు. యాభై దాటాక హఠాత్తుగా ఒక్క సరదా పట్టుకుంది. రిమోటుతో ఎగిరే చిన్న విమానాలు. పిల్లల బొమ్మలనుకునేరు, కాదు. గజం పైన వెడల్పు రెక్కలు, ముందు కరెంటు మోటారు, లోపల బ్యాటరీ. ఒళ్లంతా థర్మకోల్‌కు దూరపు చుట్టంలాంటి తెల్లటి ఫోము. పెట్టెలో తయారుగా వస్తుంది, నాలుగు స్క్రూలు బిగిస్తే చాలు.

"ఎందుకు బావా నీకీ పిచ్చి?" అని ఒకసారి అడిగాను.

"ముప్పై ఏండ్లు బస్సుల కింద పండుకున్నరా. పైకి సూస్తే గేర్‌బాక్సే కనబడె. ఇప్పుడన్న పైకి సూస్తే జర మొగులు కనబడనీయ్" అన్నాడు.



అయితే బావ మొదటి విమానం పదిహేను రోజులు కూడా బతకలేదు. గాల్లో గట్టిగా మలుపు తిప్పగానే రెక్క నట్టనడుమ విరిగి, గిరగిర తిరుగుతూ పడి మూడు ముక్కలైంది. బావ వారం రోజులు సరిగా అన్నం తినలేదు. ఆ తర్వాత రెండో విమానం పెట్టె ఇంటికి రాగానే అక్క గుమ్మంలోనే ఆపింది. నేను అక్కడే ఉన్నాను.

"ఇగో, ఇదొక్కటే" అంది అక్క. "ఇది ఇరిగిందంటే ఈ ఇంట్లకు ఇంకో ఇమానం రావొద్దు. ఇరిగినప్పుడల్లా నువ్వు మొకం గట్ల పెట్టుకొని కూసుంటే సూసుడు నాతోని కాదు. నా మీద ఒట్టెయ్."

"గట్లనే" అన్నాడు బావ.

"గట్లనే కాదు, సెయ్యి పెట్టు."

బావ అక్క తలమీద చెయ్యి పెట్టి ఒట్టు వేశాడు. అక్క టైలరింగ్ షాపు నడుపుతుంది. ఆమె పెట్టిన షరతుకు, ఆమె కుట్టిన కుట్టుకు తిరుగులేదు. అంటే ఆ విమానంతోపాటు బావ ఆకాశం కూడా ఆ పెట్టెలోనే ఉందన్నమాట. ఈ మాట మీరు గుర్తుపెట్టుకోండి. నేను గుర్తుపెట్టుకోలేదు. లేదు, నిజం చెప్పాలంటే మరీ ఎక్కువగా గుర్తుపెట్టుకున్నాను.

నాలుగు రోజుల తర్వాత బావ ఆ పెట్టెతో మా షెడ్డుకు వచ్చాడు.

"బామ్మర్దీ, వారం రోజులు మేడారం జాతర డ్యూటీ పడ్డది. దారి పొంటి బస్సులు ఆగితే రిపేరు జేసుడు. ఇది నీ దగ్గర పెట్టు. ఇంట్ల పెడితే మీ అక్క బట్టల మూటలన్ని దీని మీదనే పడేస్తది."

"పెట్టు బావా, ఫికర్ జెయ్యకు."

"ఉత్తగ పెట్టుకునుడు కాదు. రెక్క కింద ఒక్క టేపు పట్టీ వెయ్యాలె. మీ షాపుల ప్యాకింగుకు దారాల టేపు ఉంటది సూడు, గది. రెక్క ఈ కొసకెల్లి ఆ కొస దాంక. ఒక్కటే."

"ఒక్కటి సాల్తదా?"

బావ నన్ను అనుమానంగా చూశాడు. "ఒక్కటంటే ఒక్కటేరా శేఖరూ. బరువైతే లేవదు. ఇన్నవా?"

నేను తలూపాను. నేను తలూపడం వేరు, వినడం వేరు. ఈ సంగతి నా భార్య సుజాతకు పెళ్లైన నెలకే తెలిసింది. బావకు తెలియదు పాపం.

ఆ సాయంత్రం విమానాన్ని ఇంటికి తెచ్చి, పెట్టె తెరిచి, రెక్క కింద పట్టీ వేశాను. రెండు నిమిషాలు పట్టింది. నిజాయితీగా చెబుతున్నాను, నాకు అవమానంగా అనిపించింది. వారం రోజుల గడువు, పదిహేనేళ్ల అనుభవం, చేసిన పని రెండు నిమిషాలు! ఇంకా ఏమైనా మిగిలిందేమోనని చూశాను. అంటే, పట్టుకుని ఊపాను.

ఊగింది. మామూలుగా కాదు. తోకభాగం జ్వరంతో వణికినట్టు వణికింది. దాన్ని చూడగానే నాకు అక్క ఒట్టు, బావ ముఖం, మూడు ముక్కలైన మొదటి విమానం అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. 'ఈ విమానం నా చేతుల్లోంచి పోయాక విరిగితే నా పరువేం కాను?' అనుకున్నాను. చూడండి, బావ ఆకాశం గురించి మొదలైన ఆలోచన ఎంత సాఫీగా నా పరువు దగ్గరికి వచ్చి ఆగిందో!

మర్నాడు విమానాన్ని మళ్లీ షెడ్డుకు తీసుకెళ్లి, తుక్కు కుప్పలోంచి రెండు అల్యూమినియం పట్టీలు ఏరాను. తోకకు ఇటొకటి, అటొకటి. అంటించడానికి మా షెడ్డులో వాడే పసుపు గమ్ము డబ్బా తీశాను. ప్లైవుడ్డును ఇనుముకు అంటించే గమ్ము అది, కాబట్టి ఫోము ఒక లెక్కా అనుకున్నాను. ముందు పట్టీలకు పూసి, కుంచె పక్కన పెట్టబోతుంటే ఒక పెద్ద చుక్క కుడిరెక్క మీద పడింది. తుడుద్దామని గుడ్డ వెతికి వచ్చేసరికి ఆ చుక్క లోపలికి దిగుతోంది. దోసె మీద వెన్నముద్ద కరిగినట్టు, రెక్క నెమ్మదిగా, నిశ్శబ్దంగా, నా కళ్లముందే కరిగిపోతోంది!

"అయ్యబాబోయ్, అదేంటండీ శేఖర్ గారూ, రెక్కకు కన్నం పడిందేంటి?" అన్నారు సత్యంగారు.

సత్యంగారిది కాకినాడ. మా షెడ్డులో డ్రాయింగులు గీస్తారు. మంచి మనిషి. ఆయనతో వచ్చే చిక్కల్లా ఎప్పుడూ ఆయన చెప్పిందే నిజం కావడం.

"గమ్ము పడ్డది సార్. ఏం కాదు, పుట్టీ పెడ్త."

"ఆ గమ్ముకి ఫోము కరిగిపోతుందండీ. డబ్బా మీద రాసుంది కదా."

"డబ్బా మీద ఎవరు సదువుతరు సార్?"

"అందుకే రాస్తారండీ" అని ఆయన వెళ్లిపోయారు.

కన్నంలో రెండు ముద్దలు కలిపి పిసికే పుట్టీ నింపాను. ఆరాక రాయిలా గట్టిపడింది. చాలా సంతోషమేసింది. కానీ విమానం ఇప్పుడు కుడివైపుకి ఒరుగుతోంది. అందుకని ఎడమరెక్కలో కూడా అంతే కన్నం చేసి, అంతే పుట్టీ నింపాను. అవును, మీరు సరిగానే చదివారు. బాగున్న రెక్కకు నేనే కన్నం చేశాను.

తోకకు పట్టీలు వేరే గమ్ముతో అంటించాక, పెట్టెలో వచ్చిన కాగితం తీసి చదివాను. రెక్క కింద రెండు వేళ్లు పెట్టి ఎత్తితే విమానం తక్కెడలా సమంగా నిలవాలట. పెట్టి చూశాను. తోక దబ్బున కిందపడింది. సరే, తోక బరువైంది కాబట్టి ముక్కు కూడా బరువు కావాలి. ముక్కులో నట్లు, బోల్టులు కూరాను. ఇప్పుడు సమంగా నిలిచింది. వేళ్లు మాత్రం నొప్పిపెట్టాయి. ఆ నొప్పి ఏం చెబుతోందో నాకు అర్థం కాలేదు.

కింద పెడితే చక్రాలున్న తీగకాళ్లు పక్కలకు జాపుకుని, విమానం బొక్కబోర్లా పడుకుంది. కాళ్లు పీకేసి మా కడ్డీ వంచి కొత్త కాళ్లు పెట్టాను. కొత్త కాళ్ల కింద ఫోము చక్రాలు అప్పడాల్లా నలిగాయి. అవి పీకేసి, మేం చిన్న ట్రాలీలకు వేసే రబ్బరు చక్రాలు బిగించాను. చక్రాల బరువుకు పొట్ట పగిలేలా ఉందని పొట్ట కింద రేకు వేశాను. ఒకచోట బలం పోస్తే ఆ పక్కచోటు బలహీనంగా కనిపించేది. అక్కడా పోస్తే దాని పక్కది. వారంలో విమానం చుట్టూ ఒక ప్రదక్షిణ పూర్తిచేసి మళ్లీ తోక దగ్గరికి వచ్చాను.

అక్కడే అసలు పాపం చేశాను. తోక చివర, రెక్కల వెనక అంచుల్లో సన్నటి పలకలు కొన్ని వేలాడుతూ ఊగుతున్నాయి. వేలితో తాకితే చాలు, ఇటూ అటూ ఆడుతున్నాయి. "ఎంత నాసిరకం పని!" అని తయారుచేసినవాళ్లను తిట్టుకుని, ఒక్కొక్కదానికి గమ్ము పెట్టి, పైన దారాల టేపు రెండు వరసలు వేసి బిగించేశాను. ఊపి చూశాను. ఊగలేదు. ఆ పూట నాకు అన్నం ఎంత సయించిందో చెప్పలేను.

మా షెడ్డులో ఇనుము ఏదైనా సరే, ఎర్రటి రెడాక్సైడ్ పూయకుండా బయటికి పోదు. తుప్పు పడుతుంది కదా. అలవాటు కొద్దీ కాళ్లకు, పొట్టకింద రేకుకు, చివరికి తుప్పు పట్టని అల్యూమినియానికి కూడా పూశాను. తెల్లటి ఒళ్లు మీద ఎర్రటి చారలతో విమానం ఆపరేషన్ అయిన మనిషిలా తయారైంది.

ఇక రెండో పరీక్ష. ఎక్కి నిలబడదామనే అనుకున్నాను, కానీ బావ వస్తువు కదా అని మర్యాద అడ్డొచ్చింది. హాల్లో రెండు స్టూళ్లు వేసి, వాటిమీద రెక్క చివరలు ఆనించి, నడుమ బియ్యం సంచి పెట్టాను. సుజాత వంటింట్లోంచి వచ్చి నిలబడిపోయింది.

"గా బియ్యం ఎందుకు పెట్టిన్రు దాని మీద?"

"లోడు టెస్టు."

"ఇమానంల బియ్యం పంపిస్తున్నడా అన్న?"

"గట్ల కాదే. బలం సూస్తున్న."

"అన్న ఒక్క టేపే వెయ్యమన్నడని మీరే జెప్పిరి. ఇదేంది, ఇమానమా, అల్మారానా?"

"నీకు తెల్వదు ఊకో."

"నాకు తెల్వదు గని, మీకు తెలుసా?" అంది. నేను వినిపించనట్టు సంచి సర్దాను. రెక్క వెంట్రుకవాసి కూడా వంగలేదు. సుజాత బియ్యం ఎత్తుకుని లోపలికి వెళ్లిపోయింది. ఆ రోజు ఆమె మాట విన్నా సరిపోయేది. బావ మాట, సత్యంగారి మాట, సుజాత మాట, మూడు మంచి మాటలు నా చెవి దాకా వచ్చి వెనక్కి వెళ్లాయి.

ఆదివారం పొద్దున ఉప్పల్ భగాయత్ లేఔట్‌కు చేరాం. వెడల్పాటి రోడ్లు, చుట్టూ ఖాళీ ప్లాట్లు. వాకింగు చేసేవాళ్లు, కారు నేర్చుకునేవాళ్లు తప్ప ఎవరూ ఉండరు. బావ మేడారం దుమ్ము ఇంకా పూర్తిగా వదలని ముఖంతో పెళ్లికొడుకులా వచ్చాడు. అక్క కూడా తన స్కూటర్ మీద, ఉప్మా డబ్బాతో వచ్చింది. "దీన్ని మొదటిసారి ఎగిరిస్తున్న, నువ్వు సూడాలె" అని బావే బతిమాలి పిలిచాడట.

విమానం మీద కప్పిన గుడ్డ గర్వంగా తీశాను.

బావ దాని చుట్టూ ఒకసారి తిరిగాడు. తర్వాత ఒంటిచేత్తో ఎత్తబోయాడు. చెయ్యి కిందికి పోయింది. రెండో చెయ్యి కూడా వేశాడు.

"శేఖరూ."

"ఆఁ బావా."

"దీంట్ల బ్యాటరీ ఒక్కటే ఉన్నదా?"

"ఒక్కటే బావా."

"మరి గింత బరువు యాడికెల్లి వచ్చింది?"

"బలం బావా అది!" అన్నాను.

బావ అక్కవైపు చూశాడు. అక్క స్కూటర్ స్టాండు వేసి దానిమీదే కూర్చుని మావైపే చూస్తోంది. బావ గొంతు తగ్గించాడు. "ఇప్పుడు ఇవన్ని పీకొచ్చా?"

"పీకితే రావు బావా. గంత గట్టిగ అంటిచ్చిన."

బావ కళ్లు మూసుకుని ఒక ఊపిరి తీసి, రిమోటు ఆన్ చేసి దాని మీదున్న పుల్లలు కదిపాడు. విమానం లోపల్నుంచి గుర్రు గుర్రుమని చప్పుడు. ఏదీ కదల్లేదు. వంగి తోకను చూశాడు, రెక్కల అంచులు చూశాడు.

"ఈ పలకలు ఎందుకు కదుల్తలేవురా?"

"అవి మస్తు లూజున్నయ్ బావా. ఊగుతుండె. నేనే టైటు జేసిన."

 పక్కరోడ్డులో కారు నేర్చుకుంటున్నాయన గేరు వేయలేక కీచుమనిపించాడు. 

"శేఖరూ" అన్నాడు బావ చాలా నెమ్మదిగా. "అవే ఇమానానికి స్టీరింగురా. పైకి పోవాలన్నా కిందికి రావాలన్నా ఆ పలకలే. బస్సు స్టీరింగు తిరుగుతుందని దానికి వెల్డింగు కొడ్తవా నువ్వు?"

నేను నేలవైపు చూశాను. అక్కడ కూడా నాకు అనుకూలమైనది ఏమీ కనిపించలేదు.

"ఏమైందయ్యా? ఇరిగిందా అప్పుడే?" అని దూరంనుంచి అక్క అరిచింది.

"ఇరగలే, ఇరగలే!" అని ఇద్దరం ఒకేసారి అరిచాం.

బావ జేబులోంచి బ్లేడు తీసి అరగంట కోశాడు. చెమటలు కక్కుతూ కోశాడు. తోకకున్న అడ్డపలక ఊడి పైకీ కిందికీ ఆడింది. నిలువు పలక మాత్రం ఎడమకే తిరుగుతోంది, కుడికి రావడం లేదు. రెక్కల పలకలు ససేమిరా అన్నాయి. నేను వేసిన టేపు కదా!

"ఇగ ఎగిరిచ్చుడు వద్దు" అన్నాడు బావ. "జర రోడ్డు మీద ఉరికిచ్చి సూస్త. మీ అక్కకు సూపెట్టినట్టుంటది. ఎగిరితే ఇరుగుతది. ఇరిగితే నా ఒట్టు సంగతి నీకెరుకనే."

విమానాన్ని రోడ్డు మీద పెట్టి నెమ్మదిగా నడిపించాడు. అది ట్రాలీ చక్రాల మీద గరగరలాడుతూ, ఉప్పల్ చౌరస్తాలో ట్రాఫిక్‌లో చిక్కుకున్న షేర్ ఆటోలా మెల్లగా వెళ్లింది. వాకింగు చేస్తున్న పెద్దాయన దానికంటే ముందు వెళ్లిపోయాడు.

"ఇదేంది, ఉరుకుతనే లేదు?" అంది అక్క.

ఇక్కడ నేను నోరు మూసుకుని ఉండాల్సింది. ఎవరూ నన్ను అడగలేదు. అయినా, "బావా, ఫుల్ స్పీడ్ పెట్టు! ఎగరదు, నాది గ్యారంటీ. గింత బరువు ఎట్ల లేస్తది?" అన్నాను. నా పనితనం మీద నేను ఇచ్చిన గ్యారంటీల్లో అదొక్కటే నాకు నిజమనిపించింది. అదీ తప్పింది.

బావ వేగం పెంచాడు. మోటారు కీచుమంది. విమానం ఊపందుకుంది. రోడ్డు పొడవునా దూసుకుపోతోంది. అప్పుడు ఇద్దరికీ ఒకేసారి కనిపించింది, ముందున్న స్పీడ్ బ్రేకరు.

"ఆపు బావా!"

"ఎట్ల ఆపాలె? బ్రేకులు కూడ పెట్టినవా దానికి?"

రబ్బరు చక్రాలు స్పీడ్ బ్రేకరెక్కాయి. విమానం ఎగిరింది.

నిజంగానే ఎగిరింది. తాటిచెట్టంత ఎత్తుకు వెళ్లలేదు, మనిషెత్తుకు కొంచెం పైకి. మహా అయితే నాలుగు సెకన్లు. ఆ నాలుగు సెకన్లు నేను విమానాన్ని చూడలేదు, బావను చూశాను. నోరు తెరుచుకుని, రిమోటు రెండు చేతుల్లో పట్టుకుని, తల పైకెత్తి చూస్తున్నాడు. అంత సంతోషంగా ఉన్న మనిషిని నేను అంతకుముందు చూడలేదు. నేను చెడగొట్టింది దేన్నో నాకు అప్పుడు అర్థమైంది. బలం తక్కువైనందుకు కాదు, నా అతి వల్ల ఆయనకు దక్కాల్సిన పావుగంట నాలుగు సెకన్లయింది.

ఐదో సెకను మొదలైంది. బావ కుడికి తిప్పాడు. విమానానికి తెలిసింది ఎడమ ఒక్కటే. ఎడమవైపు అక్క ఉంది.

"సరోజా! లెవ్వు! లెవ్వే!"

అక్క యాభై ఏళ్ల మనిషి, మోకాళ్ల నొప్పులు. అయినా స్కూటర్ మీంచి దూకిన తీరు చూస్తే మోకాళ్ల నొప్పులు ఒట్టి నాటకమనిపించింది. మరుక్షణం విమానం వెళ్లి స్కూటర్ ముఖానికి కొట్టుకుంది. ఢామ్మంది. హెడ్‌లైటు పగిలి గాజుముక్కలు రాలాయి. ముందున్న ప్లాస్టిక్ డొప్ప అడ్డంగా చీలింది. ఒక అద్దం వేలాడింది, ఇంకొకటి వేలాడే ఓపిక కూడా లేక కింద పడిపోయింది. ఆఖరికి స్కూటరే నెమ్మదిగా ఒరిగి, ఉప్మా డబ్బా మీద పడుకుంది.

మేమిద్దరం పరుగెత్తాం. బావ ముందు అక్క దగ్గరికి వెళ్లాడు, ఆ మాట ఆయన గౌరవం కోసం చెప్పాలి.

"ఏం తాకలే కదా?"

"నాకేం కాలే. నా బండి!"

తర్వాత బావ మోకాళ్ల మీద కూర్చుని విమానాన్ని తిప్పి చూశాడు. ముక్కు చూశాడు, రెక్కలు చూశాడు, తోక చూశాడు. గీత లేదు. పగులు లేదు. ఒక చక్రం ఇంకా హాయిగా తిరుగుతోంది. బావ ముఖం నెమ్మదిగా వెలిగింది.

"ఇరగలే!" అన్నాడు.

"ఏది ఇరగలే?" అంది అక్క.

"ఇమానం! సూడు, ఏం కాలే! సరోజా, ఇరగలే! నువ్వు ఇమానం ఇరిగితేనే కదా అన్నవు?"

అక్క స్కూటర్ వైపు చూసింది. గాజుముక్కల వైపు చూసింది. ఎర్రటి ఇనుపకాళ్ల మీద దర్జాగా నిలబడ్డ విమానాన్ని చూసింది. అంటించిన పట్టీలు, పుట్టీ, రేకు, ఒక్కొక్కటే చూసింది. చివరికి నావైపు చూసింది. చిన్నప్పుడు నేను ఆమె కొత్త జామెట్రీ బాక్సును రాయితో కొట్టి 'గట్టిదేనా' అని పరీక్షించినప్పుడు కూడా ఇలాగే చూసింది.

"తమ్మీ, ఇదంత నువ్వు జేసినవా?"

"బలం కోసం, అక్కా."

"ఆయన ఏం జెయ్యమన్నడు?"

"ఒక్క టేపు వెయ్యమన్నడు."

అక్క చాలాసేపు ఆలోచించింది. ఆమె ఒక్కసారి మాటంటే వెనక్కి తీసుకోదని చెప్పాను కదా. న్యాయం తప్పే మనిషి కూడా కాదు. బావ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. 

"సరే" అంది చివరికి. "ఇరిగితే ఇమానం ఇంట్లకు రావొద్దన్న. ఇరగలే. మాటంటే మాటే. ఇమానాలు రావొచ్చు, ఎన్నన్న తెచ్చుకో."

బావ కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను కూడా నవ్వబోయాను.

"నువ్వు రావొద్దు" అంది నాతో.

"అక్కా..."

"ఇమానం ఇంట్ల ఉన్నన్ని దినాలు నువ్వు నా గడప తొక్కొద్దు. పండుగకు అన్నం పెడ్త, బయట అరుగు మీద కూసొని తిను."

మేం విన్న తీర్పు అదీ. ఆ తర్వాత బావ ఇంకో విమానం తెచ్చుకున్నాడు. దానికి తనే ఒక్క టేపు పట్టీ వేసుకున్నాడు. అది భగాయత్ మీద పావుగంట, ఇరవై నిమిషాలు గద్దలా తిరుగుతుంది. నేను కూడా వెళ్తాను. పది అడుగుల దూరంలో, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడాలి, అది షరతు. నేను దగ్గరికి జరిగితే అక్క స్కూటర్ హారను కొడుతుంది. మొన్న దసరాకు కూడా అరుగు మీదే తిన్నాను. మటన్ బాగుంది, చలిగా ఉంది.

కాబట్టి పాఠకులారా, మీ అందరి ముందు ఈ దిగువ సంతకం చేస్తున్న శేఖర్ అనే నేను, పూర్తి స్పృహలో, ఎవరి బలవంతమూ లేకుండా (సుజాత పక్కనే నిలబడి చదువుతోంది, అది వేరే సంగతి) ప్రమాణం చేస్తున్నాను. ఎవరైనా ఒక్క పట్టీ వేయమంటే ఒక్కటే వేస్తాను. ఏదైనా ఊగుతుంటే, అది ఊగడానికే ఉందేమోనని ముందు ఒక మాట అడుగుతాను. గమ్ము డబ్బా మీద రాసింది మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదువుతాను. రెండో పట్టీ వేయాలని చెయ్యి దురద పెడితే, టేపు చుట్టను పక్కింటివాళ్లకిచ్చి, నా గదికి బయటినుంచి గడియ పెట్టమంటాను.

ఆ గడియ కొంచెం లూజుగా ఉంది. దాన్ని ముట్టుకోను.